లక్క పట్టే చోటు

అనగా అనగా, బంగారం, ఏటి ఒడ్డున ఒక లక్కబొమ్మల ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. బొంగరాలూ, గిలక్కాయలూ, కుంకుమ భరిణెలూ చేసేది. ఆవిడతో పాటు చిలకమ్మ అనే పెద్దావిడ, అచ్చియ్యమ్మ అనే చిన్నావిడ పనిచేసేవారు. ముగ్గురికీ కలిపి ఒకటే మిషను. మూడిళ్ళకీ అదే ఆధారం.

ఆ మిషనుకి కొయ్యముక్క బిగించి మీట నొక్కితే గిర్రున తిరిగేది. తిరిగే కొయ్యకి ఉలి ఆనిస్తే పొట్టు రాలి, లోపలున్న బొంగరం బయటికొచ్చేది. ఆ తర్వాత రంగు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కొయ్యకి పట్టేసేది. కానీ స్పీడు సరిగ్గా కుదరాలి. తక్కువైతే లక్క కరగదు, ఎక్కువైతే మాడిపోతుంది. అందుకని మిషనుకో రెగ్యులేటర్ ఉండేది, అదిగో, మన ఫ్యానుకి ఉన్నట్టే. దాన్ని తిప్పి ఎంత స్పీడు కావాలంటే అంత పెట్టుకునేవారు.

ఒకరోజు పొద్దున్నే నూకరత్నం ఒక భరిణెకి ఎర్ర లక్క పట్టిస్తోంది. అప్పుడు మిషను ఉన్నట్టుండి బుర్రుమని ఎగిరినంత పని చేసింది. ఎవరూ ముట్టుకోకుండానే స్పీడు అమాంతం పెరిగిపోయింది. భరిణె ఊడొచ్చి ఆవిడ కనుబొమ్మకి తగిలింది. ఇంకొంచెం కిందికి తగిలితే కన్నే పోయేది.

చిలకమ్మ పరిగెత్తుకొచ్చి తడిగుడ్డ అద్దింది. చుట్టుపక్కల వాళ్ళు నలుగురూ పోగయ్యారు. నూకరత్నానికి నొప్పి కంటే భయం ఎక్కువైంది, ఆ భయం కోపమైంది. ముందురోజు సాయంత్రం చివర్న మిషను మీద కూర్చున్నది అచ్చియ్యమ్మ. పనిలో చేరి ఏడాది కూడా కాలేదు. ఏ పనైనా చరచరా చేసే మనిషి. నూకరత్నం ఇంకేమీ ఆలోచించలేదు.

"నీ మొరటు చేతులతో తిప్పి పాడుచేశావు" అనేసింది, అందరి ముందూ.

నేను మామూలుగానే తిప్పానని అచ్చియ్యమ్మ ఒక్కసారే చెప్పింది. అప్పుడు వేళ్ళకంటిన లక్కని గీక్కుని, అన్నం డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పక్క ఊళ్ళో జీడిపిక్కలు కొట్టే పనికి కుదిరిందని తెలిసింది.

ఇక మిషను సంగతి. నూకరత్నం ముందు దాన్ని అమ్మిన షాపుకి వెళ్ళింది. షాపాయన ఆవిడ ఫోనులో మిషను ఫోటో చూసి, స్పీడు నడిపే లోపలి పెట్టె మొత్తం పోయింది, కొత్తది వేయాల్సిందే అన్నాడు. దాని ధర కొత్త మిషనులో సగం. ఆవిడ నీరసంగా ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత ఊళ్ళో నీళ్ళ మోటార్లు బాగుచేసే అతన్ని పిలిచింది. అతను బెల్టు మార్చాడు, మోటారు లోపల బ్రష్షులు మార్చాడు. మిషను ఒక పూట బుద్ధిగా తిరిగింది. మధ్యాహ్నం దాటాక మళ్ళీ బుర్రుమంది.

ఆ తర్వాత చిలకమ్మ ఒక మాట చెప్పింది. టౌన్లో సంతవీధిలో కామేశం అని ఒక ముసలాయన ఉన్నాడట. వెనకటికి రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడు మిక్సీలు, ఫ్యాన్లు ఏవి తెస్తే అవి చూస్తాడు. పోయేదేముంది, అడిగి రమ్మంది.

నూకరత్నం వెళ్ళింది. కామేశం మిషను గురించి ఏమీ చెప్పలేదు, తిరిగి ప్రశ్నలే వేశాడు. ఎప్పుడు ఎగురుతోంది? రెగ్యులేటర్ ఎక్కడుంటే ఎగురుతోంది? ఎగిరినప్పుడు వేలితో కొంచెం కదిపితే తగ్గుతోందా?

ఆవిడకి ఒక్కదానికీ జవాబు తెలీదు. ఎనిమిదేళ్ళుగా ఆ మిషను మీద కూర్చుంటోంది, అయినా తెలీదు. ఎవరు చేశారన్నది చూసుకుంది గానీ, ఏం జరుగుతోందన్నది చూడలేదు. ఆయన కోప్పడలేదు.

"కొయ్య బిగించకుండా, పక్కకి నిలబడి, మెల్లగా తిప్పి చూడమ్మా. ఎగిరిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టు. తర్వాత రా."

ఇంటికొచ్చి అలాగే చేసింది. మొదటిసారి తిప్పింది. సగం దాటాక బుర్రుమంది. గీత పెట్టింది. రెండోసారి తిప్పింది. మళ్ళీ బుర్రుమంది. గీత పెట్టబోతే, మొదటి గీత పక్కనే పడింది. మూడోసారి తిప్పింది. మూడో గీత ఆ రెండింటి మీదే పడింది. మిగతా చోట్ల మిషను పిల్లిలా తిరుగుతోంది. ఆ ఒక్క చోటే దానికి పూనకం. ఆ ఒక్క చోట వేలితో ఇసుమంత కదిపితే మళ్ళీ తగ్గిపోతోంది.

ఈ సంగతి చెబితే కామేశం మొహం విప్పారింది. ప్లగ్గు పీకేసి, ఓ గంట ఆగి, అప్పుడు రెగ్యులేటర్ ఉన్న ఆ పెట్టెని ఊడదీసి తెమ్మన్నాడు. ప్లగ్గు పీకినా లోపల కాసేపు కరెంటు దాగి ఉంటుందట, అందుకని ఆగమన్నాడు. ఏ వైరు ఎక్కడుందో కాగితం మీద బొమ్మ గీసుకోమన్నాడు కూడా. ఆవిడ గంట ఆగింది, బొమ్మ గీసుకుంది, పెట్టె చీరకొంగులో చుట్టుకుని బస్సెక్కింది.

కామేశం పెట్టె విప్పి, రెగ్యులేటర్ వెనకున్న బుల్లి డబ్బీ ఒకటి బయటికి తీశాడు. అది రూపాయి బిళ్ళంత ఉంది. దాని మూత తీసి, భూతద్దం ఆవిడ చేతికిచ్చాడు.

లోపల గుర్రపు నాడాలాగా వంగిన నల్లటి పట్టీ ఉంది. మనం రెగ్యులేటర్ తిప్పితే, ఒక సన్నటి రేకు ఆ పట్టీ మీద రాసుకుంటూ పోతుంది. అది ఎక్కడ ఆగితే అంత స్పీడు. పట్టీ అంతా నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క చోట మాత్రం తెల్లగా అరిగి, అందులో ఎర్రటి లక్క పొడి కూరుకుపోయింది. రేకు అక్కడికి రాగానే పట్టు తప్పిపోతోంది, మిషను ఎగురుతోంది. పాత రేడియోల్లో సౌండు పెంచే మర కూడా ఇలాగే అరిగి గరగరలాడేదని చెప్పాడు కామేశం.

నూకరత్నం భూతద్దం దించలేదు. ఎవరైనా మొరటుగా తిప్పితే ఇలా అవుతుందా అని అడిగింది.

"మొరటుగా తిప్పితే చివర్న విరుగుతుందమ్మా. చివర్లు చూడు, చెక్కు చెదరలేదు. ఇది మధ్యలో అరిగింది. రోజూ ఒకే చోట ఆపితే అరుగుతుంది."

ఆ చోటేదో ఆవిడకి తెలుసు. అది లక్క పట్టే చోటు. కొయ్యకి లక్క పట్టించాలంటే రెగ్యులేటర్ని అక్కడే ఆపాలి. చిలకమ్మ అక్కడే ఆపుతుంది. అచ్చియ్యమ్మ కూడా అక్కడే ఆపేది, కానీ ఆ పిల్ల వచ్చి ఏడాది కూడా కాలేదు. ఎనిమిదేళ్ళుగా రోజూ అందరికంటే ఎక్కువగా అక్కడ ఆపింది తనే.

ఆ ముసలాయన సొరుగులన్నీ వెతికి, పాతదాని వెనకున్న అంకే ఉన్న కొత్త డబ్బీ తీశాడు. వైర్లు మూడూ పాతదాంట్లో ఉన్న వరసలోనే అతికాడు. పొడి లోపలికి పోకుండా పాత సైకిలు ట్యూబు ముక్కని గుండ్రంగా కత్తిరించి రెగ్యులేటర్ కింద తొడిగాడు. ఇంతా చేసి ఆయన తీసుకున్నది ఒకరోజు కూరల ఖర్చంత.

ఇంటికొచ్చాక ఆవిడా చిలకమ్మా పెట్టె బిగించి ముందు ఉత్తినే తిప్పారు. తర్వాత మెత్తటి కొయ్యతో తిప్పారు. ఆ తర్వాత లక్క పట్టించి చూశారు. మిషను ఎక్కడా ఉలిక్కిపడలేదు.

చిలకమ్మ సంతోషించింది గానీ నూకరత్నానికి అన్నం సయించలేదు. ఆ పాత డబ్బీని కొంగున ముడేసుకుని పక్క ఊరికి నడిచింది. అచ్చియ్యమ్మని చాటుగా పిలిచి చెబుదామా అనుకుంది. కానీ తను ఆ మాట అన్నది నలుగురిలో. అందుకని మధ్యాహ్నం అందరూ అన్నాలకి కూర్చునేదాకా ఆగి, అప్పుడు జీడిపిక్కల షెడ్డులోకి వెళ్ళింది.

అచ్చియ్యమ్మ తల ఎత్తలేదు. జీడి సొన తగిలి ఆవిడ వేళ్ళు నల్లగా కాలిపోయి, తోలు ఊడుతోంది. ఆ వేళ్ళు చూడగానే నూకరత్నానికి అనుకున్న మాటలన్నీ పోయాయి. డబ్బీ ఆవిడ ముందు పెట్టి, ఉన్న ముక్క చెప్పింది.

"నువ్వు తిప్పినందుకు కాదు అచ్చియ్యా, ఎనిమిదేళ్ళు నేను తిప్పినందుకు అరిగింది. తప్పు నాది."

అక్కడున్న ఆడవాళ్ళంతా తినడం ఆపారు. అచ్చియ్యమ్మ డబ్బీని ఇటూ అటూ తిప్పి చూసింది. దాన్ని పక్కన పెట్టి అంది.

"మిషనన్నాక పాడవుతుంది వదినా. ఏం జరిగిందని నువ్వు నన్నొక్క మాట అడగలేదు. అదే నా బాధ."

నూకరత్నం దానికేమీ సర్దిచెప్పుకోలేదు. అవును, అడగలేదు అంది. రమ్మని బతిమాలలేదు. మిషను బాగైందని మాత్రం చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఒకరోజు గడిచింది. రెండో రోజు గడిచింది. మూడో రోజు నూకరత్నం, చిలకమ్మ పని మొదలుపెడుతుంటే గుమ్మంలో అచ్చియ్యమ్మ నిలబడి ఉంది. వచ్చాను గానీ ఈ వేళ్ళతో ఉలి పట్టలేనని చెప్పింది.

నూకరత్నం ఒక కొయ్యముక్క బిగించింది. ఉలి తన చేతిలోకి తీసుకుని, మొహం కొయ్య దగ్గరగా పెట్టి కూర్చుంది. అప్పుడు అచ్చియ్యమ్మతో, నువ్వు రెగ్యులేటర్ పట్టుకో, స్పీడు నువ్వే చూసుకో అంది.

అచ్చియ్యమ్మ ఆవిడ మొహంకేసి చూసింది. కాలిన వేళ్ళతో రెగ్యులేటర్ని మెల్లగా తిప్పింది. కొయ్య తిరగడం మొదలైంది. నూకరత్నం ఒక్కసారి కూడా తల తిప్పి ఆ చేతివైపు చూడలేదు.

కళ్ళు మూసుకో బంగారం.

గిర్రున తిరిగే కొయ్యముక్క,
కొయ్యకి పట్టిన ఎర్రలక్క,
నీకూ నాకూ ఒకటే పక్క.
కథేమో కంచి దారి పట్టింది,
కంటికేమో కునుకు పట్టింది.