మొదటి నీళ్ళు కాగితానికే

ఒకప్పుడు కాఫీ చెట్టు ఏడాది పొడుగునా పూసీది. బుద్ధి పుట్టినప్పుడు పుట్టిన రంగులో పూసీది. నీలం, ఎరుపు, గళ్ళ పువ్వులు కూడా ఉండీవి. గళ్ళ పువ్వేటని నవ్వకండి, మా ముత్తవ్వ కొప్పులో పెట్టుకునీది.

ఒక ఏడు కొండ మీద వానే లేదు. రాళ్ళు కూడా నీడ కోసం ఒకదాని కింద ఒకటి దూరీవి. కాఫీ చెట్లు ఆకులు వేలాడేసీసినాయి. వాటిని పెంచిన బుద్రమ్మ ఇంట్లో ఒక్క కుండ నీళ్ళు మిగిలాయి.

అటుగా మబ్బు మావ పోతన్నాడు.

"మావా, నా చెట్లు చచ్చిపోతన్నాయి. కాస్త కురిసి పో."

"ఊరికేనా కోడలా? కాఫీ పెట్టు. బాగుంటే కురుస్తాను. లేదా, సముద్రంకేసి పోతాను."

బుద్రమ్మ పొడేసి మరిగించి ఇచ్చింది. మబ్బు మావ గొంతులో నలకలు పడి ఉరుములాగ దగ్గాడు.

"ఇది కాఫీయా, కంకరా?"

కాఫీ చెట్లకి గొడుగులాగ నిలబడ్డ నీడ చెట్టు ఇదంతా చూసింది. "అమ్మీ, నా కొమ్మొకటి నరుక్కో. దంచి, అప్పడంలాగ ఒత్తి కాగితం చెయ్యి. వడకట్టు," అంది.

బుద్రమ్మ కాగితాన్ని పొట్లంలాగ మడిచి, వెదురు గరాటాలో దించి, పొడేసి వేడినీళ్ళు పోసింది. ఈసారి నలక లేదు. మబ్బు మావ మొహం మాత్రం మాడింది.

"కాఫీ తాగుతున్నానా, మాను నాకుతున్నానా?" అని సముద్రంకేసి తిరిగాడు.

"నా వాసనే నీ కొంప ముంచింది," అని నీడ చెట్టు ఏడిసింది.

"నీ తప్పేటుంది తాతా? చుట్టానివి వచ్చావు. కాళ్ళకి నీళ్ళివ్వకుండానే పనిలోకి దింపీసాను."

కుండలో రెండు చెంబులే ఉన్నాయి. బుద్రమ్మ కొత్త కాగితం మడిచి, ఒక చెంబు కాచి, ఉత్త కాగితం మీద పోసీసింది. కాగితం గరాటాకి తడిబట్టలాగ అతుక్కుంది. మాను వాసనంతా కిందకి దిగిపోయింది. ఆ నీళ్ళు పారబొయ్యలేదు, చల్లార్చి కాఫీ చెట్టు మొదట్లో పోసింది. రెండో చెంబుతో కాఫీ దించింది.

"మావా, ఒక్క గుక్క తాగి పో."

మబ్బు మావ ఒక గుక్క తాగాడు. గ్లాసు ఖాళీ చేసాడు.

"ఇంకో గ్లాసు ఇయ్యి కోడలా."

"నీళ్ళేవి? ఉన్నవన్నీ నీ కడుపులోనే ఉన్నాయి మావా."

మబ్బు మావకి నవ్వొచ్చింది. అలాంటిలాంటి నవ్వు కాదు, కడుపు పట్టుకుని నవ్వాడు. కొండంతా తడిసిపోయింది.

కాఫీ చెట్లు తేరుకుని నీడ చెట్టుకి దండం పెట్టాయి. "మా కోసం కొమ్మిచ్చావు తాతా. మాకిక గళ్ళూ వద్దు, నీలాలూ వద్దు. నీ కాగితం రంగే చాలు."

అప్పటినుంచే, కాఫీ మొగ్గ ఎంత ఎండ కాసినా నోరు మూసుకుని కూకుంటాది. కాగితానికిచ్చినట్టే దానికీ మొదటి నీళ్ళివ్వాలి. వేసవిలో తొలి వాన పడిందా, పది రోజులు తిరక్కుండా కొండ కొండంతా ఒక్కసారే పూసీస్తాది, తెల్లగా, నీడ చెట్టు కిందే.