నోరు విప్పని ఆల్చిప్ప

అనగనగా, ఏటి నీళ్లు దోసిలిపట్టి తాగే రోజుల్లో, ఒక ఏటి మలుపున లోతైన మడుగు ఉండేది. ఆ మడుగుకు పెద్ద ఒక ముసలి కొరమీను.

ఆ మడుగులో ఒక ఆచారం ఉండేది. ఎక్కడ ఏ తప్పు జరిగినా, ఎవరి మీద అనుమానం పడితే వాళ్లు కొరమీను ముందుకు వచ్చి నోరు తెరిచి చూపాలి. నోట్లో ఏమీ లేకపోతే మంచివాడు, ఉంటే దొంగ. ఇంత తేలికైన న్యాయం ఇంకెక్కడా లేదని మడుగువాళ్లు మురిసిపోయేవారు. లేకపోవడమే మంచిదైంది!

ఒక వేసవిలో పరిగె చేప పిల్లలు ఉన్నట్టుండి చచ్చి వెల్లకిలా తేలసాగాయి. తల్లి పరిగె గుండెలు బాదుకుంది. మిగిలిన గుప్పెడు పిల్లల్ని నాచు చాటున దాచుకుంది.

అనుమానం పెనుభూతం అంటారు కదా, అది మడుగులో దిగింది. నిన్నటిదాకా కలిసి ఈదినవాళ్లే ఒకరినొకరు ఓరకంట చూసుకోసాగారు.

మొదట కొంగను పిలిచారు. నోరు తెరిపిస్తే గొంతులో చేప పొలుసు కనబడింది.

"దొరా, మొన్న ఆకలికి ఒక ముసలి చేపను తిన్నమాట నిజమే. కానీ పిల్లల్ని నేనే చంపితే, తినకుండా నీళ్ల మీద వదిలేస్తానా?" అంది కొంగ.

మాట సబబుగానే ఉంది. కానీ తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు! కొంగను ఆవలి ఒడ్డుకు తరిమేశారు. పిల్లలు చావడం మాత్రం ఆగలేదు.

తర్వాత పీతను పిలిచారు. దాని నోటి నిండా బురద.

"బొరియలు తవ్వేవాడి నోట్లో బురద కాక బూరెలుంటాయా దొరా?" అని పీత మొత్తుకుంది. దాన్నీ వెళ్లగొట్టారు. ఏడుస్తూ ఏటి ఎగువకు పాకిపోయింది. అయినా చావులు ఆగలేదు.

మూడోసారి ఆల్చిప్ప వంతు వచ్చింది. ఎంత అడిగినా, ఎంత కసిరినా అది నోరు తెరవలేదు.

"నోరు మూసుకున్నవాడి దగ్గరే గుట్టంతా ఉంటుంది. రేపు మధ్యాహ్నం దీన్ని ఒడ్డున బండ మీద ఎండబెట్టండి" అని కొరమీను తీర్పు చెప్పింది.

అందరికంటే ఎక్కువ అనుమానం తల్లి పరిగెదే. ఆల్చిప్ప తన పిల్లల్ని ఎలా చంపుతోందో కళ్లారా చూడాలనుకుంది. తెల్లవారగానే పిల్లల్ని వెంటబెట్టుకుని దాని ఎదుట కాపు కాసింది.

ఆల్చిప్ప మెల్లగా నోరు తెరిచింది. 'దొరికావు!' అనుకుంది పరిగె. కానీ అది నీళ్లు పీల్చి వదులుతోంది, అంతే. పొద్దు నడినెత్తికి వస్తుండగా ఎగువ నుంచి సన్నని నీలిచార పారుతూ వచ్చింది. అది తాకీ తాకగానే ఆల్చిప్ప నోరు మూసేసింది. ఆ వెంటనే పరిగె పిల్లలు ఊపిరాడక కొట్టుకోసాగాయి. తల్లి వాటిని ఇసుకలో నీరు ఊరే మూలకు తోసుకుపోయింది. అక్కడ అవి తేరుకున్నాయి. వెంటనే కొరమీను దగ్గరకు పరుగెత్తింది.

"దొరా! చంపుతున్నది ఆల్చిప్ప కాదు, ఎగువ నుంచి వచ్చే నీళ్లు! ఆ నీళ్లు తగలగానే అది నోరు మూస్తోంది."

"నాకేమీ తెలియలేదే!"

"మీరు పైకి వెళ్లి గాలి మింగగలరు దొరా. మాకు ఈ నీళ్లే ఊపిరి."

కొరమీను సిగ్గుతో తల దించుకుంది. కానీ అప్పటికే మధ్యాహ్నమైంది. తీర్పు ప్రకారం, మడుగుకు వచ్చిపోయే నీటికుక్క ఒకటి ఆల్చిప్పను బండ మీద పడేసి తన దారిన పోయింది. ఇక ఒడ్డెక్కగలిగేది కొంగ ఒక్కటే.

"కొంగమామా! నిన్ను నమ్మకపోవడం మా తప్పే. దాన్ని కాపాడు" అని పరిగె ఆవలి ఒడ్డు దాకా ఈది వేడుకుంది.

కొంగ వచ్చి ఆల్చిప్పను ముక్కున కరుచుకుంది. మింగేస్తుందేమోనని మడుగంతా ఊపిరి బిగబట్టింది. కొంగ దాన్ని మెల్లగా నీళ్లలో వదిలింది.

తర్వాత నీలిచార వెంట ఎగువకు ఎగిరి చూసి వచ్చింది. అక్కడ బట్టలకు రంగులు వేసే అద్దకాల వీరన్న తన రంగుతొట్లు కడిగిన నీళ్లను కాలువ గుండా ఏట్లోకి వదులుతున్నాడు. సంగతి పీత చెవిన కూడా వేసి వచ్చింది.

పీత కోపం మానుకుని తనకు తెలిసిన పని చేసింది. కాలువ గట్టుకు బొరియల మీద బొరియలు తవ్వింది. గట్టు తెగి, రంగునీళ్లు వీరన్న పెరట్లోకే తిరిగి, అతని మంచినీళ్ల బావిలో పడ్డాయి.

"అయ్యో, బావి విషమైపోయింది!" అని వీరన్న లబలబలాడాడు.

అతని భార్య చెంచమ్మ నడుముకు చేతులు పెట్టుకుని అంది: "మన బావిలో పడితే విషమూ, ఏట్లో పడితే ఉత్త రంగునీళ్లూనా?"

వీరన్న అప్పుడే పలుగు అందుకున్నాడు. ఏటికి దూరంగా, జిగట మన్ను నేలలో గుంట తవ్వి, నాటి నుంచి తొట్ల నీళ్లు అందులోనే పోశాడు.

మడుగులో ఆచారమూ మారింది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ నోరు తెరవమని అడగరు. పరిగెలు రోజూ పొద్దున్నే ఆల్చిప్ప నోరు తెరిచిందో లేదో చూసుకుని, ఆ తర్వాతే పిల్లల్ని ఆటకు పంపుతాయి.

కాబట్టి పిల్లలూ, అనుమానం వస్తే వేలు చూపేముందు కళ్లు తెరిచి చూడాలి. పదిమంది బతికే నీటిలో విషం పోసినవాడి బావికి కూడా ఆ విషం వచ్చి తీరుతుంది.