చినుకు ఆలస్యంగా వేసిన కేక

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. ఎంత పెద్ద అడవంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరివాళ్లు ‘చిరంజీవ’ అనేసరికి మూడు రోజులయ్యేది. నడిచి చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను!

అందులో ఒక కొండముచ్చుల గుంపు. ఆ గుంపులో ఒక తల్లికి ఎదిగీ ఎదగని కవలపిల్లలు. మగపిల్లాడు ఉరుము, ఆడపిల్ల చినుకు.

మధ్యాహ్నం మేత అయ్యాక అందరూ ఒకరికొకరు పేలు చూసుకోవడం వాళ్ల ఆచారం. ఎవరి తలలో ఎక్కువ చేతులుంటే వాళ్లకంత గొప్ప! అన్నాళ్లూ ఆ గొప్ప కవలలదే.

ఒకరోజు మోదుగ అనే తల్లిలేని పిల్ల వచ్చి గుంపులో చేరింది. అది దూకిందంటే, అబ్బో, తోక మబ్బుకు తగిలి వాన రాలేది! ఇంకేముంది, చేతులన్నీ మోదుగ తలలోకి వెళ్లిపోయాయి.

మొదటిరోజు ఉరుము పళ్లు బయటపెట్టి గుర్రుమన్నాడు. "దాని తలలో బంగారం ఏమైనా ఉందా?" రెండోరోజు కొమ్మలు విరిచాడు. మూడోరోజు మోదుగను కొమ్మ మీంచి తోసేశాడు.

"ఒరేయ్ ఉరుమూ, ఇలా రారా!" అని తల్లి మూడు రోజులూ వాణ్ణే తిట్టింది, వాణ్ణే ఒళ్లో కూర్చోబెట్టుకుని బుజ్జగించింది.

మరి చినుకు? నవ్వింది. తన మేడిపండ్లు కూడా మోదుగకే ఇచ్చేసింది.

"ఏమే, నువ్వు తినవా?" అంది తల్లి.

"ఆకలి లేదమ్మా. నాకేం, బాగానే ఉన్నా."

తల్లి నమ్మేసింది. చినుకు మాత్రం మోదుగ తలలో చేతులు లెక్కపెడుతూనే ఉంది.

నాలుగోరోజు కాపలా వంతు చినుకుది. మిగతావాళ్లు పేలు చూసుకుంటుంటే ఒకరు చెట్టు చివర కూర్చోవాలి. చిరుత కనబడితే "ఖ్యాక్!" అని అరవాలి. చినుకు కళ్లు పొదల మీద లేవు. మోదుగ తల మీదే ఉన్నాయి. ఇవాళ అమ్మ చెయ్యి కూడా అక్కడే ఉంది!

అప్పుడే పొద కదిలింది. చిరుత! మోదుగ వైపే పాకుతోంది. చినుకు చూసింది. నోరు తెరిచింది. ‘ఒక్క క్షణం ఆగితే?’ అనుకుంది.

ఆగింది.

చిరుత ఎగిరింది. అప్పుడు వేసింది చూడండి కేక, మూడు కొండలు పక్కకు జరిగాయి! అందరూ చెట్లెక్కేశారు. మోదుగ సగం తోక చిరుత నోట్లో ఉండిపోయింది.

చిరుత వెళ్లాక తల్లి అడిగింది. "ఎందుకే అంత ఆలస్యం?"

చినుకు చెట్టు చివర నుంచి దిగి తల్లి దగ్గరికి వచ్చింది. "చూసి కూడా ఆగానమ్మా. నీ చెయ్యి కూడా దాని తలలోనే ఉంది."

ఉరుము నోరెళ్లబెట్టాడు. "నీకూ కుళ్లేనా? మరి అరవలేదేమే? నేను ఓ అరుపు అరిచి సాయంత్రానికల్లా మరిచిపోయేవాణ్ణి!"

"నాకు అరవడం రాలేదురా. కడుపులోనే పెట్టుకున్నా."

తల్లి తల దించుకుంది. "వాడు విరిచిన కొమ్మలు చూశాను గానీ, నువ్వు తినని పండ్లు చూడలేదే తల్లీ."

మోదుగ తెగిన తోక పట్టుకుని వచ్చింది. కరుస్తుందేమోనని చినుకు కళ్లు మూసుకుంది. మోదుగ ఎదురుగా కూర్చుంది. "నాకు కోపమే. బాగా నొప్పిగా ఉంది. కానీ ఒకటి చెప్పనా? మీ అమ్మ నిన్ను పేరు పెట్టి పిలిచినప్పుడల్లా నేనూ కుళ్లుకున్నాను."

చినుకు ఏడుస్తూ గాయం మీద ఆకుపసరు పిండింది. గాయం మానింది. తోక మాత్రం మళ్లీ మొలవలేదు. కథలో కొండల్ని జరిపిన నాకు కూడా ఆ తోకను పొడిగించడం చేతకాలేదు పిల్లలూ.

నీతి: అసూయ ఒకరిని అరిపిస్తుంది, ఇంకొకరిని నవ్విస్తూనే లోపల కాలుస్తుంది, అది కీడు చేయకముందే అయినవాళ్లతో చెప్పుకోవాలి, నోరు విప్పని బిడ్డనూ పెద్దలు అడిగి తెలుసుకోవాలి.