తిరగలి రాయి మీద మూడు పేర్లు

మధ్యాహ్నం దాటింది. వాన వెలిసింది గాని ఏరు తగ్గలేదు.

నా మొగుడు, ఇద్దరు కూతుళ్లు పొద్దున మోకాలి లోతు నీళ్లలో దాటి సంతకు బుట్టలు మోసుకెళ్లారు. ఇప్పుడు అవతలి గట్టునే చిక్కుకున్నారు. పోయిన వానకు చిన్నదాన్ని జుట్టు పట్టుకుని పైకి లాగాం. దాని గురించి ఎక్కువ చెప్పలేను.

వంతెనలు లేక కాదు. మూడున్నాయి. ఉప్పు వర్తకుడు మల్లినాథయ్య ఒకటి, సేనాని రణమల్లు ఒకటి, రాజుగారి మేనత్త అక్కాంబ ఒకటి కట్టించారు. ముగ్గురూ ముందుగా తమ పేరుతో పెద్ద తోరణం లేపారు. కలపంతా దానికే సరిపోయింది. మూడు వంతెనలూ ఏటి నడుమ ఆగిపోయాయి.

రాజుగారికేమో, వీళ్లలో గొప్ప దాతను తేల్చి కాలికి గండపెండేరం తొడగాలని సరదా పుట్టింది. ఏర్పాట్లు విదూషకుడు కొమ్మనకు అప్పజెప్పారు. అతను నిన్ననే పెండేరాన్నీ, ఊరేగించే ఏనుగునూ అవతలి గట్టుకు పంపేశాడు.

"ఎవరి వంతెన మీద వాళ్లు నడిచెళ్లి తొడుక్కోండి" అన్నాడు.

డప్పులు మోగాయి. ముగ్గురూ బయల్దేరారు. ముగ్గురూ ఆగారు.

"ఒరే కొమ్మనా, ఆ ఏనుగును ఇటు తోలించరా" అని అక్కాంబ తన వంతెన కొసన నిలబడి కేకేసింది.

"తోలిస్తానమ్మా. అదీ మీ వంతెన మీద నుంచే రావాలిగా."

అవతల ఏనుగు పూలదండలు తినడం మొదలుపెట్టింది.

"మల్లినాథయ్యా, నీ పలకలు ఇటు పడెయ్" అన్నాడు సేనాని.

"నా పేరున్న పలకలు నీ వంతెనకా? కావాలంటే ఉప్పు బస్తాలిస్తా, ఏట్లో పరుచుకో."

కొమ్మన రాజుగారి వైపు తిరిగాడు. అందరికీ వినపడేలా చెప్పాడు.

"దాతల పేర్లు రాతి మీద చెక్కించి అవతల పెట్టించాను ప్రభూ. ఎవరి పేరు ముందుందో ఇక్కణ్ణుంచి కనబడదు."

ముగ్గురూ మెడలు సాచి అవతలి గట్టుకేసి చూశారు.

"నాదే ముందుంటుంది. చూసొస్తా" అంది అక్కాంబ. "రణమల్లూ, నీ తోరణం పీకించు, పలకలు కావాలి."

"నేను మాత్రం చూడొద్దా? మల్లినాథయ్యా, నీదీ పీకించు."

సేనాని భటులూ, ఉప్పు కూలీలూ ఒకే తాడు పట్టారు. తోరణాలు కూలి పలకలయ్యాయి. పొద్దు వాలేలోగా నడుమనున్న అక్కాంబ వంతెన అవతలి గట్టును తాకింది.

ముగ్గురూ తోసుకుంటూ పరిగెత్తారు. వెనక రాజుగారు, కొమ్మన. వాళ్ల వెనక నేను. నన్నెవరూ ఆపలేదు.

రాయంటే తిరగలి రాయి. గుండ్రటి అంచు చుట్టూ పేర్లు. అక్కాంబ ఇటు నుంచి చదువుతూ తిరిగింది, సేనాని అటు నుంచి తిరిగాడు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి.

"ఇందులో మొదటి పేరు ఎవరిదిరా?" అని అక్కాంబ కొమ్మన మీద అరిచింది.

"తిరగలికి మొదలెక్కడుంటుందమ్మా?"

రాజుగారు నవ్విన నవ్వుకు తలపాగా జారింది. ఏనుగు అదీ నోట్లో పెట్టుకుంది. నుదురు రుద్దుకుంటూ అక్కాంబ కూడా నవ్వేసింది.

"ఇక ఏ ఏటి మీదైనా ముగ్గురూ కలిసే కట్టండి" అని, రాజుగారు పెండేరం కొమ్మన కాలికి తొడిగారు.

వంతెన మీద తిరిగొస్తూ నేను మావాళ్లను లెక్కపెట్టుకుంటున్నాను. పెద్దది వచ్చింది. చిన్నది, నా కొంగు పట్టుకుని, వచ్చింది. మా ఆయన అమ్ముడుపోని బుట్ట ఒకటి నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

ఇంటికొచ్చి మళ్లీ లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. అప్పుడొచ్చింది నాకు నవ్వు.