రెచ్చగొట్టిన పాట

మంత్రి విరూపాక్షయ్య మధ్యాహ్నపు అన్నం ఆపించడంతో, కోట గోడకు బండలు లాగే కూలీలు మోకులు వదిలేసి కూర్చున్నారు. పని దగ్గర పాట పాడే పోలమ్మను మంత్రి రాజు ముందు నిలబెట్టాడు.

"పాటతో జనాన్ని రెచ్చగొట్టింది ఇదే ప్రభూ! దీన్ని దేశం నుంచి వెళ్లగొట్టాలి."

"రోజూ పాడే పాటే దొరా," అంది పోలమ్మ. "కడుపునిండా అన్నం పెట్టించి చూడండి. మళ్లీ అదే పాడతాను. ఒక్కడు పని ఆపినా నేనే వెళ్లిపోతాను."

రాజు సరేనన్నాడు. గంపలతో అన్నం వచ్చింది. కూలీలు తిన్నారు. పోలమ్మ పాట ఎత్తుకోగానే బండలు కదిలాయి.

రాజు మంత్రి వైపు చూశాడు.

"ఇలా పని చేయించడాన్ని ప్రోత్సహించడం అంటారు ప్రభూ," అన్నాడు మంత్రి గంభీరంగా. "అది చేసింది నేను."

"మీరే బాబయ్యా," అంది పోలమ్మ. "రేపు కూడా ఈ వేళకే ప్రోత్సహించండి. పప్పు కాస్త చిక్కగా ఉండాలి."