రెండు వేళ్ళు తక్కువైన తుపాకీ

పాత వస్తువంటే ప్రాణం పెట్టే శేషాచలం, దాన్ని తనకంటే ముందు ఇంకొకరు వాడారన్న సంగతిని మాత్రం భరించలేని మనిషి, రాళ్ళమిట్ట అనే ఊళ్ళో గ్రానైటు ఫ్యాక్టరీ నడుపుతూ ఉండేవాడు.

ఎక్కడ పాత సామాను కనిపించినా కొనేవాడు. ఇంటికి తెచ్చి, మరక పడ్డచోట గీకించేవాడు, అరిగినచోట పూత వేయించేవాడు. ఎవరి వేళ్ళో తిప్పి తిప్పి నున్నగా చేసిన రేడియో బటన్లు పీకేసి కొత్తవి పెట్టించేవాడు. పెళ్ళిచూపులనాడు కూడా, "ఇంతకుముందు ఈ అమ్మాయిని ఎంతమంది చూసి వెళ్ళారు?" అని అడిగిన ఘనుడు. లోపలి గదిలో ఉండి ఆ మాట విన్న వసుంధర దాన్ని ఇన్నేళ్ళుగా మర్చిపోలేదు. అతన్నీ మర్చిపోనివ్వలేదు.

"మీకు కావాల్సింది పాత వస్తువు కాదండీ. ముసలిదైపోవాలి, కానీ ఎవరూ ముట్టుకుని ఉండకూడదు. అలాంటిది ఏ కొట్లోనూ దొరకదు" అనేది ఆవిడ.

"అసలు రూపం అంటే ఏమిటో నీకేం తెలుసు" అనేవాడు శేషాచలం.

ఊరి చివర, తవ్వి వదిలేసిన రాతి క్వారీలో ఒక రైఫిల్ క్లబ్ ఉండేది. శేషాచలం ప్రతి ఆదివారం అక్కడికి వెళ్ళి గురి కాల్చేవాడు. క్లబ్బులో కుర్రకారు దగ్గర అన్నీ కొత్త రైఫిళ్ళే. అల్యూమినియం చట్రం, ఎక్కడ చూసినా మరలు. ఎవరి ఒడ్డూ పొడుగూకు తగ్గట్టు వాళ్ళు బిగించుకోవచ్చు. అయినా ఎవరైనా సంచిలోంచి చెక్కతో చేసిన పాత రైఫిల్ ఒకటి తీస్తే చాలు, వాళ్ళంతా తమవి పక్కనపెట్టి దాని చుట్టూ మూగేవాళ్ళు. ఒక్కసారి భుజానికి ఆనించి చూస్తామని బతిమాలేవాళ్ళు. ఏటా చలికాలంలో ఒకరోజు పాత రైఫిళ్ళకు విడిగా పోటీ పెట్టేవాళ్ళు. పెద్ద పోటీలకు రానంత జనం ఆ రోజు వచ్చేది.

ఆ పాతవాటిలో రాణి, మార్టిని అనే ఒంటితూటా రైఫిల్. దానికి కిందివైపు ఒక మీట ఉంటుంది. మీట దించి, చిన్న తూటా ఒక్కటి వేలితో లోపలికి తోసి, మీట మళ్ళీ పైకి లాగాలి. పెట్టె మూత పడ్డట్టు మెత్తగా ఒక చప్పుడు వస్తుంది. ఇక ఊపిరి కుదురుకునేదాకా ఆగాలి. ఒక తూటా, ఒక ఊపిరి, అంతే. తొందరపడేవాళ్ళకు అది లొంగదు. పొద్దున లేచింది మొదలు తొందరలో బతికే జనానికి అందుకే కాబోలు, దానిమీద అంత మోజు.

క్లబ్ గోడమీద అద్దం చట్రంలో ఒక పాత గురికార్డు వేలాడుతూ ఉండేది. పది తూటాలూ నడిబొడ్డున ఒకే చిల్లు చేసుకుని వెళ్ళిపోయాయి. చిటికెన వేలి కొన పెడితే ఆ చిల్లు మూసుకుపోతుంది. కింద ఇలా రాసి ఉండేది: "డాక్టర్ పరాంకుశంగారి మార్టినితో కాల్చిన కార్డు." రైఫిల్ పేరు ఉంది, రైఫిల్ యజమాని పేరు ఉంది. కాల్చినవాళ్ళ పేరు లేదు. డాక్టరుగారే కాల్చి ఉంటారని అందరూ అనుకునేవాళ్ళు. అనుకోవడం సులువు కదా, అడగక్కర్లేదు.

శేషాచలం ఆ కార్డు ముందు నిలబడని ఆదివారం లేదు. ఆ రైఫిల్ తన చేతికి రావాలి, దానితో తను కూడా అలాంటి కార్డు ఒకటి కాల్చాలి. అతనికి ఉన్న కోరికల్లో మిగతావన్నీ డబ్బుతో తీరిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. డాక్టరుగారు ఊరొదిలి వెళుతూ రైఫిల్‌ని కూడా తీసుకువెళ్ళారు. ఆయన పోయాక మనవడు అమ్ముతానన్నాడు. శేషాచలం లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

సంచి విప్పి చూసి నీరుగారిపోయాడు.

భుజానికి ఆనే వెనక చెక్కను ఎవరో రెండు వేళ్ళ మేర అడ్డంగా కోసేశారు. చెంప ఆనేచోట లోపలికి చెక్కేశారు. అక్కడ కొబ్బరినూనె ఇంకి నల్లటి మచ్చ పడింది. బోర్లా పడుకుని భుజానికి ఆనిస్తే, సొంత బొటనవేలే వెళ్ళి అతని ముక్కుకు కొట్టుకుంది.

"ఎవడో మూర్ఖుడు బంగారంలాంటి రైఫిల్‌ని నాశనం చేశాడు" అన్నాడు, క్లబ్ బాధ్యతలు చూసే కరీముల్లాతో.

"మూర్ఖుడో ఎవరో గానీ అన్నా, కోత మాత్రం నీటుగా ఉంది. ఎవరి కొలతకో కోసినట్టుంది" అన్నాడు కరీముల్లా.

"ఎవరి కొలతకి? చిన్నపిల్లలకా?"

వచ్చే పోటీలోగా కొత్త చెక్క వేయించి, దాన్ని అసలు రూపానికి తేవాలని శేషాచలం నిశ్చయించుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం క్వారీ గేటు ముందు ఒక ఆటో ఆగింది. అందులోంచి పొట్టిగా, బక్కగా ఉన్న ఒక పెద్దావిడ దిగింది. ఊళ్ళో సగం మందికి లెక్కలు చెప్పి రిటైరైన ఎస్తేరు టీచరు. ఆ రోజు భర్తకు భోజనం క్యారియరు తెచ్చిన వసుంధర ఆవిణ్ణి గుర్తుపట్టి కుర్చీ వేసింది.

"మార్టిని తిరిగొచ్చిందటగా నాయనా. ఒక్కసారి చేతికిస్తావా?" అంది ఎస్తేరు టీచరు.

శేషాచలం మొహమాటపడుతూనే ఇచ్చాడు. ఆవిడ మీట దించి, లోపల తూటా లేదని చూసుకుని, మీట మూసింది. కోసిన చెక్కను అరచేత్తో నిమిరింది. నల్లమచ్చ దగ్గర చెయ్యి ఆగింది.

"ఇంకా ఉంది" అంది మెల్లగా.

"ఏమిటండీ ఉన్నది?"

"నా చెంప, నాయనా."

శేషాచలం కరీముల్లా వైపు చూశాడు.

"ఎన్‌సీసీలో ఉన్నప్పుడు డాక్టరుగారు నా గురి చూశారు. ఈ రైఫిల్ నాకు పొడుగయ్యేది. మీట అందేది కాదు, గురి చూసే రంధ్రానికి కన్ను ఆనేది కాదు. ఆయన వడ్రంగిని పిలిపించి నా కొలతకు కోయించారు. ఒక ఆడపిల్ల కోసం ఇంత మంచి చెక్క పాడుచేస్తారా అని క్లబ్బంతా ఆయన్ని తిట్టింది."

"అయితే ఆ గోడమీది కార్డు..." అంది వసుంధర.

"నాదేనమ్మా."

"అదెలా? అది డాక్టరుగారు కాల్చింది కదా?" అన్నాడు శేషాచలం.

"డాక్టరుగారికి తూటా పేలితే కళ్ళు మూసుకునే అలవాటు నాయనా. మనిషి మాత్రం చాలా మంచివాడు."

కరీముల్లా పకపకా నవ్వాడు. శేషాచలం నవ్వలేదు.

"మరి మానేశారేం టీచర్?" అడిగింది వసుంధర.

"పెళ్ళయింది. తుపాకీ పట్టిన చేత్తో వడ్డిస్తే అన్నం ఎలా సయిస్తుందన్నాడు మా ఆయన. ఆ తర్వాత నలభై ఏళ్ళు అదే చేత్తో తిన్నాడు, బాగానే సయించింది." ఆవిడ రైఫిల్‌ని ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్ళు లేరు. కానీ ఎడమకన్ను పోయింది. కుడికన్నుకు ఈ చలికాలం దాకానే భరోసా అన్నాడు కంటి డాక్టరు. అది ఉండగానే దీనితో ఒక్క కార్డు కాల్చాలని ఆశ. రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే కూడా ఈ మీట చప్పుడే వినిపిస్తుంది నాయనా."

"ఇప్పుడే ఇవ్వండి. తూటాలు ఉన్నాయిగా" అంది వసుంధర భర్తతో.

శేషాచలం ఆలోచించాడు. అతను చెడ్డవాడేం కాదు, అవతలివాళ్ళకు కావాల్సిందేమిటో తనకే బాగా తెలుసనుకునే మంచివాడు.

"ఈ అవకతవక చెక్కతో ఎందుకండీ కాల్చడం? కొత్త చెక్క చేయిస్తున్నాను. కొత్త పెళ్ళికూతురిలా తయారుచేసి, పోటీ రోజున అందరిముందూ మీ చేతికిస్తాను. మొదటి కార్డు మీదే" అన్నాడు.

"సరిచేయడానికి ఏముంది నాయనా? అది నాకు సరిగ్గానే ఉంది."

"మీరు చూస్తారుగా" అని అతను రైఫిల్‌ని సంచిలో పెట్టేశాడు.

దారిలో వసుంధర అంది: "ఆవిడ మీ దగ్గర అడిగింది తన చెంప ఆనినచోటు. మీరు ఇస్తానన్నది పాలిష్."

"ఆవిడ మురిసిపోతుంది చూడు" అన్నాడు శేషాచలం.

అక్రోటు చెక్క తెప్పించాడు. పాత ఫొటోలు చూసి, అచ్చం రైఫిల్ తయారైననాటి కొలతలతో చేయించాడు. గొట్టానికి కొత్తగా నల్లరంగు ఎక్కించాడు. మీటమీద వేళ్ళ రాపిడికి వచ్చిన తెల్లదనాన్ని కూడా పోగొట్టించాడు. పాత చెక్క ఏం చేయమంటారని వడ్రంగి అడిగితే, "ఏం చేసుకుంటావో చేసుకో" అన్నాడు.

పోటీ రోజున క్వారీ నిండిపోయింది. మార్టినిని చూసి కుర్రాళ్ళు ఈలలు వేశారు. "నిన్న తయారైనట్టుంది సార్" అన్నాడొకడు. శేషాచలం ఛాతీ ఉబ్బింది.

ఎస్తేరు టీచరు తెల్లచీర కట్టుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని వచ్చింది. ఎవరి సాయమూ తీసుకోకుండా చాపమీద మోకాళ్ళూని, బోర్లా పడుకుంది. రైఫిల్‌ని భుజానికి తీసుకుంది. చెంప దించింది. ఎత్తింది. కాస్త ముందుకు జరిగి మళ్ళీ దించింది. మెడ సాచింది. ఆమె చెంప కొత్త చెక్కమీద దేనికోసమో వెతుకుతున్నట్టు అటూ ఇటూ కదలడం వసుంధర చూసింది. శేషాచలమూ చూశాడు.

"కన్ను అందడం లేదు నాయనా. అంతా బూడిదరంగుగా ఉంది" అంది ఆవిడ. ఆ తర్వాత, తల ఎత్తకుండానే, "పాత చెక్క తెచ్చావా?" అని అడిగింది.

శేషాచలం మోటార్ సైకిల్ ఎక్కి వడ్రంగి దగ్గరికి పరుగెత్తాడు.

"అదెక్కడిది సార్? ఏం చేసుకుంటావో చేసుకోమన్నారుగా. సరేసు జిగురు కాచేందుకు పొయ్యిలో పెట్టేశాను" అన్నాడు వడ్రంగి.

అతను తిరిగొచ్చేసరికి ఆవిడ చాపమీంచి లేచి కూర్చుని ఉంది. బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. అతని మొహం చూసి ఇంకేమీ అడగలేదు.

"బాగా చేయించావు నాయనా. ఎవరూ ముట్టుకోనట్టుంది" అంది.

వెక్కిరింపుగా అనలేదు. అందుకే అది అతనికి అంత లోతుగా దిగింది.

అతని వంతు వచ్చింది. చెక్క అతనికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. బొటనవేలు ముక్కుకు తగల్లేదు. ఒక్కొక్క తూటా పెట్టి, ఊపిరి కుదుర్చుకుని, పదీ కాల్చాడు. కరీముల్లా తెచ్చి ఇచ్చిన కార్డుమీద తూటాలు సంతలో తప్పిపోయిన గొర్రెల్లా చెదిరి ఉన్నాయి. అతను ఏ రైఫిల్‌తో కాల్చినా వచ్చే కార్డే అది. ఇన్నేళ్ళు గోడమీది చిల్లును చూస్తూ, ఆ నేర్పు రైఫిల్‌లో ఉందనుకున్నాడు. ఆ నేర్పు ఎక్కడ ఆనుకుని ఉండేదో ఆ ఒక్కచోటునూ తనే పొయ్యిపాలు చేశాడు.

ఆ రాత్రి అతను అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏమైనా అనవే" అన్నాడు భార్యతో.

"నేను అనాల్సింది పెళ్ళిచూపులనాడే అనాల్సింది" అంది వసుంధర.

మర్నాడే శేషాచలం తన అక్రోటు చెక్కను తనే పట్టుకుని వడ్రంగికి కోయమని ఇచ్చాడు. ఎస్తేరు టీచరు ఇంటికి రాకపోకలు సాగించాడు. ఆవిడ మోచేతి నుంచి వేలికొన దాకా కొలిచాడు. కోసిన ప్రతిసారీ తేడా వచ్చేది. ఒకసారి చెంప ఎత్తు, ఒకసారి మెడ దూరం. తప్పిన చెక్క పడేసి మళ్ళీ మరొకటి తెప్పించాల్సి వచ్చేది. డాక్టరుగారి కాలంలో ఒక్క పూటలో అయిన పని, కొలత పోగొట్టుకున్న మనిషికి చలికాలమంతా పట్టింది. వేసవి కూడా వచ్చేసింది.

అంతా కుదిరిందని తెచ్చిన రోజున ఎస్తేరు టీచరు వరండాలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడు విని, "ఎవరూ?" అంది. అతను మెట్టుమీదే ఆగిపోయాడు. ఇదివరకు పక్కింటి గోడమీద ఎండ ఉన్నంతసేపు ఎదురుగా ఉన్న మనిషి ఆవిడకు కనిపించేవాడు, ఇప్పుడు ఎండ ఉండగానే కనిపించడం లేదు.

ఆవిడ రైఫిల్‌ని తీసుకుంది. భుజానికి ఆనించింది. చెంప వెతకలేదు, తిన్నగా వెళ్ళి దాని చోటులో కూర్చుంది. మీట దించి మూసింది. ఆ మెత్తటి చప్పుడుకి ఆవిడ మొహంలో ఇరవై ఏళ్ళ పిల్ల ఒక్క క్షణం తొంగిచూసింది.

"చెక్క బాగా కుదిరింది నాయనా. గురే కనిపించడం లేదు" అంది.

శేషాచలం సంచిలోంచి ఇంకొకటి తీశాడు. గోడమీది పాత కార్డు. దాని కింద కొత్తగా రాయించిన అక్షరాలను పైకి చదివాడు: "ఎస్తేరు కాల్చిన కార్డు."

"ఇంకోసారి చదువు" అంది ఆవిడ.

అతను మళ్ళీ చదివాడు. ఆవిడ చెంప ఆ చెక్కమీదే ఉంచి, ఇక ఎన్నడూ కనిపించని, గురి మధ్యలోని నల్లచుక్క వైపు చూస్తూ, చాలాసేపు అలాగే ఉండిపోయింది. రైఫిల్‌ని తిరిగి తీసుకోవడానికి అతనికి చెయ్యి రాలేదు.

పాతదాన్ని ప్రేమిస్తున్నామని చెప్పుకునేవాళ్ళు అది ఎవరి చేతుల్లో పాతబడిందో ముందు అడగాలి. ఆ చేతుల గుర్తును మరకని తుడిచేస్తే, వస్తువు మిగులుతుంది గానీ, మనం ఏ గొప్పతనం కోసం దాన్ని కోరుకున్నామో అది మిగలదు.