ముప్పై కొలుములూ ఒక్క కొలిమీ

గాజులు చేసే కొలుములన్నింటిలో కూలి ఒకటే ఉండాలని చంద్రగట్టు రాజుగారు శాసనం వేశారు. ఆ కూలి ఎంతన్నది ముప్పై కొలుములున్న భద్రప్ప పనివాళ్లతో కూర్చుని తేల్చేశాడు. అంతఃపురం గాజులన్నీ చేసేవాడికి ఆ కూలి బరువు కాదు. సంతలో అమ్ముకునే సాలమ్మకు ఉన్నది ఒక్కటే కొలిమి. ఆ కూలి ఇస్తే నెల తిరక్కుండా అది ఆరిపోతుంది. ఆమెను మాటవరసకైనా ఎవరూ పిలవలేదు.

సాలమ్మ నేరుగా రాజుగారి కొలువుకే వెళ్లింది.

"కూలి తగ్గించమని ఏడవడానికొచ్చావా అవ్వా?" అన్నాడు అక్కడే ఉన్న భద్రప్ప.

"నిప్పు ముందు ఒళ్లు కాల్చుకునేవాళ్ల కూలి తగ్గించమనడానికి నాకు నోరెలా వస్తుంది? ఇస్తాను. నా తరఫున ఒప్పుకున్నది నువ్వే కదా నాయనా?"

"నేనే. మనమంతా ఒకటే కదా!"

"అయితే అంతఃపురం గాజుల పని కూడా అందరికీ పంచు."

భద్రప్ప మండిపడ్డాడు. "నా ముప్పై కొలుములూ నీ ఒక్క కొలిమీ ఒకటెలా అవుతాయి?"

"నేను అడగడానికొచ్చింది అదే ప్రభూ," అంది సాలమ్మ, రాజుగారి వైపు తిరిగి.

రాజుగారు కూలి అలాగే ఉంచారు. అంతఃపురం పనిలో మాత్రం సాలమ్మకు వాటా రాయించారు.

మరుసటి ఏడు కూలి తేల్చే రోజున ఆమెకు పీట వేసింది భద్రప్పే.